చెరువుకు మత్తడి, వెబ్‌సైట్‌కు ఎర్రర్ పేజీ

తల్లిదండ్రుల కోసం ఈ నెల కంప్యూటర్ పాఠం



ఫలితాల రోజు మీ ఇల్లు ఎలా ఉంటుందో ఒకసారి గుర్తు చేసుకోండి. నాన్నగారి ఫోన్‌లో ఒకరు, అమ్మగారి ఫోన్‌లో ఇంకొకరు, ల్యాప్‌టాప్ ముందు మీ బిడ్డ. హాల్ టికెట్ నంబరు కొట్టి బటన్ నొక్కుతారు. గుండ్రటి గీత తిరుగుతూనే ఉంటుంది. చివరికి వచ్చేది మార్కులు కాదు. తెల్లటి పేజీ మీద ఇంగ్లిష్‌లో ఒక వరుస, దాని ముందు 500 అనో 503 అనో ఒక అంకె. అప్పుడు బిడ్డ నోటి నుంచి వచ్చే మొదటి మాట, "నా నంబరు లేదంటోందా?"

ఆ ప్రశ్నకు ఇంట్లో ఎవరి దగ్గరా జవాబు ఉండదు. జవాబు మాత్రం ఆ అంకెలోనే ఉంది. మీ పిల్లలు పై తరగతుల్లో వెబ్ అప్లికేషన్ల పాఠం చదివేటప్పుడు 'ఎర్రర్ పేజీకి దారి మళ్లించడం' అనే అంశం వస్తుంది. వినడానికి ఇది ప్రోగ్రామర్ల వ్యవహారంలా ఉంటుంది కానీ, ఫీజు కట్టే తల్లిదండ్రులకూ ఫలితం చూసుకునే పిల్లలకూ దీనితో రోజూ పని పడుతుంది. అందుకే ఈ నెల పాఠం మీకోసం.

పాలంపేట చెరువు దగ్గర మొదలుపెడదాం

రామప్ప గుడి చూడని కుటుంబం మన వైపు అరుదు. కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన గుడి అది. 2021 జూలై 25న యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. గుడి చూసినవాళ్లలో చాలామంది అక్కడి నుంచే తిరిగి వచ్చేస్తారు. ఈసారి వెళ్తే కొంచెం దూరంలోనే ఉన్న రామప్ప చెరువు కట్ట దాకా పిల్లలను తీసుకెళ్లండి.

ఏ పెద్ద చెరువుకైనా మూడు భాగాలుంటాయి. నీళ్లను ఆపేది కట్ట. పొలాలకు లెక్కగా నీళ్లు వదిలేది తూము. మూడోది మత్తడి. చెరువు నిండి, ఇక పట్టనన్ని నీళ్లు వచ్చినప్పుడు అదనపు నీళ్లు దాని మీదుగా దుంకి, ముందే అనుకున్న దారిలో వాగులోకో కింది చెరువులోకో పోతాయి. మత్తడి లేని చెరువులో ఆ నీళ్లు ఆగవు. మట్టి కట్ట మీదుగానే పొర్లుతాయి, కట్టను కోస్తాయి, గండి పడుతుంది. కిందనున్న పొలాలూ ఇళ్లూ మునుగుతాయి.

చెరువు కట్టినవాళ్లు 'మన చెరువు ఎప్పుడూ పొంగదు' అనుకోలేదు. పొంగిన రోజు నీళ్లు ఎటు పోవాలో ఎండాకాలంలోనే నిర్ణయించి, అక్కడ రాయి పేర్చారు. మంచి వెబ్ అప్లికేషన్ రాసేవాళ్లు చేసేది కూడా ఇదే. మన ప్రోగ్రాం ఏదో ఒకరోజు తప్పుతుంది, ఆ రోజు వాడుతున్న మనిషిని ఎక్కడికి చేర్చాలి అని ముందే ఆలోచించి పెట్టే ఏర్పాటు పేరే ఎర్రర్ పేజీ.

మూడంకెల జవాబు

మీరు ఒక చిరునామా కొట్టినప్పుడు బ్రౌజర్ ఒక దూరపు కంప్యూటర్‌ను ఒక ప్రశ్న అడుగుతుంది. ఆ కంప్యూటర్‌ను సర్వర్ అంటాం. 'ఈ పేజీ ఇవ్వు' అన్నదే ప్రశ్న. సర్వర్ ప్రతి ప్రశ్నకూ ముందుగా ఒక మూడంకెల సంఖ్య చెప్పి, ఆ తర్వాతే పేజీని పంపుతుంది. ఈ పద్ధతిని హెచ్‌టీటీపీ అంటారు. టిమ్ బర్నర్స్ లీ సెర్న్ పరిశోధన కేంద్రంలో వెబ్‌కు రూపం ఇచ్చిన తొలి ఏళ్లలోనే ఈ సంఖ్యలు వచ్చాయి. 1996 మేలో వెలువడిన హెచ్‌టీటీపీ 1.0 పత్రంలో వాటి పట్టిక ఉంది. సెర్న్‌లో 404 నంబరు గది ఉండేదని, అందుకే ఆ పేరు వచ్చిందని పిల్లలు ఎక్కడో చదివి చెబుతారు. అది కట్టుకథ.

సంఖ్యలన్నీ గుర్తుపెట్టుకోనక్కర్లేదు. మొదటి అంకె చూస్తే చాలు.

- 2తో మొదలైతే: అడిగింది దొరికింది. మామూలుగా 200. ఇది తెర మీద కనిపించదు.
- 3తో మొదలైతే: ఇక్కడ కాదు, అక్కడికి వెళ్లు. 301 అంటే శాశ్వతంగా మారిన చిరునామా, 302 అంటే ప్రస్తుతానికి అక్కడికి వెళ్లమని.
- 4తో మొదలైతే: అడిగిన తీరులో తేడా ఉంది. 404 అంటే ఆ చిరునామాలో ఏ పేజీ లేదు. 403 అంటే పేజీ ఉంది కానీ నీకు అనుమతి లేదు. 429 అంటే తక్కువ సమయంలో మరీ ఎక్కువసార్లు అడిగావు.
- 5తో మొదలైతే: తప్పు సర్వర్ వైపుది. 500 అంటే లోపల ప్రోగ్రాం ఎక్కడో తెగింది. 503 అంటే ప్రస్తుతం సేవ అందించలేను, బరువు ఎక్కువైంది లేదా మరమ్మతు జరుగుతోంది.

ఫలితాల రోజు మీకు కావాల్సిన జవాబు చివరి వరుసలో ఉంది. 500, 503 అంకెలకూ మీ బిడ్డ మార్కులకూ సంబంధం లేదు. సర్వర్ ఇంకా మీ బిడ్డ నంబరు వెతికే దాకా కూడా వెళ్లకపోయి ఉండవచ్చు. "నీది కాదమ్మా, వాళ్ల మిషన్‌ది" అని ఆ క్షణంలో చెప్పగలిగితే ఈ పాఠం సగం పని చేసినట్టే.

'ఈ నంబరుతో వివరాలు లేవు' అని మామూలు అక్షరాల్లో వచ్చే సందేశం వేరు. అది సర్వర్ బాగానే ఉండి, వెతికి చెప్పిన మాట. ఒక అంకె తప్పు కొట్టినా, జనరల్ బదులు ఒకేషనల్ ఎంచుకున్నా అదే వస్తుంది. కంగారు పడకుండా నంబరు మళ్లీ చూసి కొట్టండి.

చిరునామా మారితే ఉత్తరం ఏమవుతుంది

ఇక దారి మళ్లించడం దగ్గరికి వద్దాం. పాలంపేట ఊరు ఉన్నచోటే ఉంది. చిరునామా మాత్రం రెండుసార్లు మారింది. ఒకప్పుడు వరంగల్ జిల్లా. 2016 అక్టోబర్‌లో జిల్లాలు పెరిగినప్పుడు జయశంకర్ భూపాలపల్లి జిల్లా. 2019 ఫిబ్రవరి నుంచి ములుగు జిల్లా. ఇప్పటికీ ఎవరైనా పాత అలవాటుతో 'పాలంపేట, వరంగల్ జిల్లా' అని రాస్తే పోస్టల్ సిబ్బంది దాన్ని చింపి పారేయరు. ఊరు ఇప్పుడు ఎటు ఉందో వాళ్లకు తెలుసు, అటు పంపుతారు. వెబ్‌లో 301 చేసే పని ఇదే.

మన రాష్ట్రంలో ఈ అవసరం పెద్ద ఎత్తున వచ్చింది 2024లో. రాష్ట్రానికి టీఎస్ అన్న పొట్టి పేరు పోయి టీజీ వచ్చింది. బండి నంబర్లతో పాటు ప్రభుత్వ సంస్థల పేర్లూ మారాయి. టీఎస్ఆర్టీసీ టీజీఎస్ఆర్టీసీ అయింది, ఇంటర్ బోర్డు టీజీబీఐఈ అయింది. అదే ఏడాది ఎంసెట్ కూడా ఈఏపీసెట్ అయింది. ఫోన్‌లో దాచుకున్న పాత లింకులు, పాత గైడు పుస్తకాల వెనక అచ్చయిన చిరునామాలు, సీనియర్లు వాట్సాప్‌లో పంపిన లింకులు మాత్రం పాత పేరుతోనే తిరుగుతున్నాయి. ఏ వెబ్‌సైట్ చిరునామా మార్చినా, పాత చిరునామా దగ్గర 301 పెట్టిపోతే మీరు కొత్త చోటికి చేరతారు. పెట్టకపోతే 404 దగ్గరో, అసలు ఏమీ తెరుచుకోని తెల్ల పేజీ దగ్గరో ఆగిపోతారు.

ఎర్రర్ పేజీకి పంపే రెండు పద్ధతులు

పేజీ దొరకనప్పుడు, ప్రోగ్రాం తెగినప్పుడు మనిషికి ఒక మర్యాదైన ఎర్రర్ పేజీ చూపించాలి. ఇంతవరకు అందరూ ఒప్పుకుంటారు. ఎలా చూపించాలన్న దగ్గరే పిల్లలు తడబడతారు, పెద్ద ప్రోగ్రామర్లూ తడబడతారు.

మొదటి పద్ధతి దారి మళ్లింపు. మీరు 'ఫలితం' అనే పేజీ అడిగారు. లోపల ప్రోగ్రాం తెగింది. సర్వర్ మీకు 302 చెప్పి 'ఎర్రర్ అనే పేజీకి వెళ్లు' అంటుంది. బ్రౌజర్ ఆ పేజీ అడుగుతుంది. ఆ పేజీ బాగానే ఉంది కాబట్టి సర్వర్ 200 చెప్పి దాన్ని పంపుతుంది. చూసేవారికి 'క్షమించండి' అన్న పేజీ కనిపిస్తుంది.

రెండో పద్ధతిలో మిమ్మల్ని ఎక్కడికీ పంపరు. మీరు అడిగిన చిరునామా అలాగే ఉంటుంది. సర్వర్ 500 అని నిజం చెబుతూనే, ఆ జవాబుతో పాటు మర్యాదైన పేజీని కూడా అక్కడికే తెచ్చి ఇస్తుంది.

కంటికి రెండూ ఒకటే. తేడా ఎక్కడో చూడండి.

మొదటి పద్ధతిలో మీరు అడిగిన చిరునామా పోతుంది. పై గడిలో ఇప్పుడు 'ఎర్రర్' పేజీ చిరునామా ఉంది. రెండు నిమిషాలు ఆగి రిఫ్రెష్ నొక్కితే మళ్లీ ఎర్రర్ పేజీయే వస్తుంది. లోపల మరమ్మతు అయిపోయినా మీకు తెలియదు. పది నిమిషాలుగా రిఫ్రెష్ నొక్కుతున్న తండ్రి, నిజానికి పది నిమిషాలుగా క్షమాపణ పేజీనే మళ్లీ మళ్లీ అడుగుతున్నాడు.

రెండో నష్టం, అంకె అబద్ధం చెబుతుంది. జరిగింది తప్పు, చెప్పింది 200. వెబ్‌సైట్ బాగుందా లేదా అని గమనించే యంత్రాలు అంకెనే చూస్తాయి. అన్నీ 200 అయితే నిర్వాహకులకు గంట మోగదు. గూగుల్ లాంటి సంస్థలు ఇలాంటి పేజీలను 'సాఫ్ట్ 404' అని పిలుస్తాయి. పేజీ లేదని మనుషులకు చెబుతూ, ఉందని యంత్రాలకు చెప్పే పేజీ అన్నమాట.

మూడో నష్టం, తిరుగుడు. ఎర్రర్ పేజీలో కూడా పేరు, ఫొటో, నోటీసులు చూపించడానికి డేటాబేస్‌ను అడిగే ప్రోగ్రాం పెట్టారనుకోండి. డేటాబేస్ పడిపోయినందుకే మిమ్మల్ని ఆ పేజీకి పంపారు. అదీ తెగుతుంది. తెగినందుకు మళ్లీ ఎర్రర్ పేజీకే పంపుతుంది. చివరికి బ్రౌజరే విసిగి 'మరీ ఎక్కువసార్లు దారి మళ్లించారు' అని ఆపేస్తుంది. అందుకే ఎర్రర్ పేజీ సాదాగా, దేని మీదా ఆధారపడకుండా ఉండాలి. మత్తడిని పూడిపోయే మట్టితో కట్టరు కదా.

ఇవన్నీ తెలిసి కూడా పొరపాటు ఎలా జరుగుతుంది? చాలాసార్లు ఒక్క వరుస తేడాతో. లోకంలో ఎక్కువగా వాడే సర్వర్లలో అపాచీ ఒకటి. దానిలో 'ఎర్రర్‌డాక్యుమెంట్' అనే వరుస రాసి, ఏ తప్పుకు ఏ పేజీ చూపాలో చెబుతారు. అక్కడ పేజీ పేరును సొంత సైట్‌లోని దారిగా రాస్తే రెండో పద్ధతి అమలవుతుంది, అంకె నిలుస్తుంది. అదే పేజీని హెచ్‌టీటీపీతో మొదలయ్యే పూర్తి చిరునామాగా రాస్తే అపాచీ దారి మళ్లిస్తుంది, అసలు అంకె బ్రౌజర్‌కు చేరదు. రెండు చోట్లా అదే పేజీ, రాసిన తీరే వేరు. మీ అబ్బాయో అమ్మాయో ప్రాజెక్టు చేస్తుంటే ఈ ఒక్క సంగతి అడిగి చూడండి.

దారి మళ్లింపు ఎప్పుడు సరైనది

అన్ని మళ్లింపులూ తప్పు కాదు. మూడు చోట్ల అదే సరైన పని.

- చిరునామా శాశ్వతంగా మారినప్పుడు. పైన చెప్పిన ఉత్తరం కథ ఇదే.
- లాగిన్ గడువు అయిపోయినప్పుడు. లాగిన్ పేజీకి పంపి, పాస్‌వర్డ్ కొట్టాక మీరు మొదట అడిగిన పేజీకే తిరిగి తేవాలి. మొదటి పేజీకి తెచ్చి వదిలేస్తే మీరు మళ్లీ అన్నీ వెతుక్కోవాలి.
- ఫారం పంపాక, డబ్బు కట్టాక. 'అందింది' అన్న రసీదు పేజీకి మళ్లిస్తారు. దీనికి 303 అనే అంకె ఉంది. ఇలా మళ్లించడం వల్ల మీరు రసీదు పేజీలో రిఫ్రెష్ నొక్కినా రసీదే మళ్లీ వస్తుంది, ఫారం రెండోసారి పోదు. మళ్లించని సైట్‌లో రిఫ్రెష్ నొక్కితే 'ఫారం మళ్లీ పంపమంటారా' అని బ్రౌజర్ అడుగుతుంది. అప్పుడు సరే అనకండి.

చూపకూడనివి

ప్రోగ్రాం తెగినప్పుడు కొన్ని సైట్లు లోపలి సంగతులన్నీ తెర మీద పోస్తాయి. ఏ ఫైల్‌లో, ఏ వరుసలో తప్పు జరిగింది, డేటాబేస్ పేరేమిటి, ఏ వెర్షన్ సాఫ్ట్‌వేర్ అన్నీ ఇంగ్లిష్ అక్షరాల వానలా కనిపిస్తాయి. ప్రోగ్రాం రాసేవారికి అది మందుల చీటీలాంటిది, ఎంతో ఉపయోగం. దొంగకు కూడా అంతే ఉపయోగం. ఇంటి వెనక తలుపు గడియ విరిగిందని వీధి గుమ్మం మీద రాసి పెట్టినట్టు ఉంటుంది. సరైన పద్ధతి ఏమిటంటే, ఆ వివరాలను సర్వర్‌లో లాగ్ అనే దస్త్రంలో రాసుకుని, మనిషికి ఒక చిన్న సూచిక నంబరు ఇవ్వాలి. మీరు ఫోన్ చేసి ఆ నంబరు చెబితే వాళ్లు లోపల వెతుక్కుంటారు.

కాబట్టి మంచి ఎర్రర్ పేజీలో నాలుగు మాటలుంటే చాలు. ఏం జరిగింది. మీరు పెట్టిన సమాచారం, డబ్బు ఏమయ్యాయి. ఇప్పుడు మీరేం చేయాలి, ఎంతసేపు ఆగాలి. ఎవరిని, ఏ నంబరు చెప్పి అడగాలి. అవీ మీకు వచ్చిన భాషలో.

అంకె 200, లోపల తప్పు

ఇంతవరకూ కనిపించే తప్పుల గురించి చెప్పుకున్నాం. కనిపించని తప్పు ఇంకా ప్రమాదం.

2019 ఏప్రిల్ 18న మన రాష్ట్రంలో ఇంటర్ ఫలితాలు వచ్చాయి. వెంటనే ఫిర్యాదులు మొదలయ్యాయి. పరీక్ష రాసినవాళ్లకు రాయలేదని చూపినవి, మార్కులు తారుమారైనవి బయటపడ్డాయి. ఒక విద్యార్థినికి తెలుగు పేపర్‌లో సున్నా చూపించింది. మళ్లీ చూస్తే అసలు మార్కులు 99. ప్రభుత్వం ముగ్గురు సభ్యుల కమిటీ వేసింది. ఫెయిలైన విద్యార్థులందరి జవాబు పత్రాలను ఉచితంగా పునఃపరిశీలించాలని ఆదేశించింది.

సాంకేతికంగా చూస్తే ఆ అమ్మాయి తెరిచిన పేజీ 'బాగానే' తెరుచుకుంది. ఎర్రర్ పేజీ రాలేదు. సర్వర్ దృష్టిలో అంకె 200. ఆ సున్నాను అనుమానించే ఏర్పాటు ఎక్కడా లేకపోయింది. మిగతా సబ్జెక్టుల్లో మంచి మార్కులు ఉన్న పిల్లకు ఒక్క దాంట్లో సున్నా వస్తే, చూపించే ముందు ఒక మనిషి కంటికి పంపాలన్న చిన్న నియమం ఉంటే అది అక్కడే ఆగేది. ప్రోగ్రాం రాసే మన పిల్లలు నేర్చుకోవాల్సింది అది. అనుమానం వచ్చిన చోట గట్టిగా ఆగి 'ఎర్రర్' అని చెప్పే ప్రోగ్రాం, నవ్వుతూ తప్పు అంకె చూపించే ప్రోగ్రాం కంటే ఎంతో మేలు.

తల్లిదండ్రులుగా మనం నేర్చుకోవాల్సింది ఇంకొకటి ఉంది. ఆ వారాల్లో మన రాష్ట్రంలో కొన్ని కుటుంబాలు తమ పిల్లలను పోగొట్టుకున్నాయి. ఆ పిల్లలకు తెర మీది అంకె ఆఖరి మాటలా కనిపించింది. అది ఆఖరి మాట కాదు. రీకౌంటింగ్ ఉంది, రీవెరిఫికేషన్ ఉంది, సప్లిమెంటరీ ఉంది. అవేవీ లేకపోయినా ఇల్లు ఉంది. ఈ మాట ఫలితం వచ్చాక చెబితే ఆలస్యం. మత్తడిలాగే, ముందే కట్టి ఉండాలి.

ఫీజు కట్టేటప్పుడు ఎర్రర్ వస్తే

ఈ సంగతి చాలామంది అడుగుతుంటారు. యూపీఐతోనో కార్డుతోనో డబ్బు కట్టారు, బ్యాంకు నుంచి 'తగ్గింది' అని మెసేజ్ వచ్చింది, తెర మీద మాత్రం ఎర్రర్ పేజీ. ఏం చేయాలి?

1. వెంటనే రెండోసారి కట్టకండి. వెనక్కి వెళ్లే బటన్, రిఫ్రెష్ రెండూ వద్దు. పేజీ ఫొటో తీసుకోండి. అందులో లావాదేవీ నంబరు, సమయం కనిపించాలి.
2. కొత్తగా లాగిన్ అయి, చెల్లింపుల జాబితా చూడండి. చాలాసార్లు డబ్బు చేరి ఉంటుంది, రసీదు పేజీ మాత్రమే తెగి ఉంటుంది.
3. జాబితాలో లేకపోతే ఆఫీసుకు ఆ నంబరు చెప్పి రాయించండి.
4. డబ్బు పోయి, కట్టించుకునే వైపు ధ్రువీకరణ చేరకపోతే ఏం జరగాలో రిజర్వ్ బ్యాంకు 2019 సెప్టెంబర్ 20న నియమం పెట్టింది. దుకాణాలు, సంస్థలకు చేసిన యూపీఐ చెల్లింపులైనా, ఆన్‌లైన్ కార్డు చెల్లింపులైనా, లావాదేవీ జరిగిన రోజు తర్వాత ఐదు రోజుల్లోపు సొమ్ము దానంతట అదే ఖాతాలోకి తిరిగి రావాలి. అంతకు మించి ఆలస్యమైతే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలి. ఇది మీ హక్కు.

ఎర్రర్ వచ్చినప్పుడు మనిషి తొందరలో ఉంటాడని మోసగాళ్లకు బాగా తెలుసు. సైట్ తెరుచుకోలేదని గూగుల్‌లో 'కస్టమర్ కేర్ నంబరు' వెతికితే, అక్కడ దొరికే నంబరు వాళ్లది కావచ్చు. ఫలితాల సైట్ తెరుచుకోలేదని వాట్సాప్‌లో వచ్చిన ఇంకో లింకు నొక్కితే, అది నకిలీ సైట్ కావచ్చు. ప్రభుత్వ సైట్ల చిరునామా మామూలుగా 'గవ్ డాట్ ఇన్' అనో 'ఎన్ఐసీ డాట్ ఇన్' అనో ముగుస్తుంది. మార్కులు చూపించడానికి ఎవరికీ మీ బ్యాంకు ఓటీపీ అవసరం లేదు. డబ్బు పోయిందని అనుమానం వస్తే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి. అది సైబర్ నేరాల జాతీయ హెల్ప్‌లైన్.

ఫలితాల రోజు ఇలా చేయండి

- 503 వస్తే నాలుగు ఫోన్లలో ఒకేసారి నొక్కడం ఆపండి. ఒక్క ఫోన్ చాలు. అందరూ అలా నొక్కడం వల్లే ఆ సర్వర్ మీద బరువు పెరుగుతుంది. పదిహేను నిమిషాలు ఆగి చూడండి.
- పై గడిలోని చిరునామా చూడండి. అది ఎర్రర్ పేజీ చిరునామాగా మారిపోయి ఉంటే రిఫ్రెష్ పనిచేయదు. అసలు చిరునామా మళ్లీ కొట్టండి.
- పాత లింకు 404 చూపితే బోర్డు పేరుతో కొత్త చిరునామా తీసుకోండి. 
- సీబీఎస్ఈ ఫలితాలు డిజిలాకర్‌లో, ఉమంగ్ యాప్‌లో కూడా వస్తాయి. ముందే ఖాతా తెరిచి పెట్టుకోండి.
- మార్కులు నమ్మశక్యంగా లేకపోతే పేజీని దాచుకుని, మరుసటి రోజు స్కూలుకు రండి. దరఖాస్తు చేయడంలో మా సిబ్బంది సాయం చేస్తారు.
- బిడ్డ మాట్లాడకుండా గదిలో కూర్చుంటే ఒంటరిగా వదలకండి. టెలీ మానస్ 14416కు ఎప్పుడైనా ఫోన్ చేయవచ్చు. ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

ఇంట్లో చేసి చూడండి

ఆదివారం అరగంట చాలు. మీ అబ్బాయి లేదా అమ్మాయితో కలిసి ల్యాప్‌టాప్‌లో ఏదైనా పెద్ద వెబ్‌సైట్ తెరవండి. చిరునామా చివర అర్థంలేని నాలుగు అక్షరాలు చేర్చి ఎంటర్ నొక్కండి. ఇప్పుడు కీబోర్డు మీద ఎఫ్ 12 నొక్కి 'నెట్‌వర్క్' అన్న భాగం తెరిచి, అదే తప్పు చిరునామాను పై గడిలో మళ్లీ కొట్టి ఎంటర్ నొక్కండి. మొదటి వరుసలో అంకె కనిపిస్తుంది. 404 ఉంటే ఆ సైట్ నిజం చెబుతోంది. 302 వచ్చి, దాని కింద 200 ఉంటే అది దారి మళ్లించి, తప్పును దాచింది. ఇలా ఐదు సైట్లు చూసి ఒక పట్టిక రాయమనండి.

తర్వాత ఒక కాగితం ఇచ్చి, మన స్కూలు వెబ్‌సైట్‌కు ఒక ఎర్రర్ పేజీ గీయమనండి. తెలుగులోనే రాయాలి. ఫీజు కట్టడానికి వచ్చి, ఇంగ్లిష్ రాని ఒక నానమ్మ అది చదివినా అర్థం కావాలి. 'ఏం జరిగింది, నీ డబ్బు ఏమైంది, ఇప్పుడేం చేయాలి, ఎవరిని అడగాలి' అన్న నాలుగూ అందులో ఉండాలి.

ఆ కాగితం పూర్తయ్యాక పిల్లలను ఇంకొక్క ప్రశ్న అడగండి. "నీకు మార్కులు తక్కువ వచ్చినా, స్కూల్లో తప్పు చేసి దొరికినా, ఇంటికి రాగానే నీకు మా ముఖంలో ఏం కనిపిస్తుంది?" జవాబు ఏదైనా, మధ్యలో అడ్డు రాకుండా వినండి. కొందరు పిల్లలు 'ఏమీ కాదు, బాగానే ఉంది' అంటారు. తప్పు జరిగినప్పుడల్లా కోపం ఎదురైన పిల్లలు నెమ్మదిగా అన్నిటికీ 200 చెప్పడం అలవాటు చేసుకుంటారు. ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం మీకు చూపించకుండానే పడిపోతుంది. మనకు అసలు అంకె చెప్పే ధైర్యం వాళ్లకు ఉండాలంటే, చెప్పినప్పుడు వాళ్లు చేరే చోటు మర్యాదగా ఉండాలి. ఏం జరిగిందో అడగాలి, ఇప్పుడేం చేద్దామో కలిసి చూడాలి.

పిల్లలు గీసిన ఎర్రర్ పేజీలను క్లాస్ టీచర్‌కు పంపండి. స్పష్టంగా ఉన్నవాటిని వచ్చే నెల సంచికలో అచ్చు వేస్తాం. ఈ సెలవుల్లో పాలంపేట వెళ్తే చెరువు కట్ట మీద నిలబడి, మత్తడి ఎక్కడుందో మీ పిల్లలనే చూపించమనండి.

— కంప్యూటర్ సైన్స్ విభాగం